ఇనుము మీద చేపల గంప

ఆరేళ్ల నా పీహెచ్‌డీకి ఆఖరి ఇంటర్వ్యూ. పొరలు పొరలుగా ఉండే ఐరన్ ఆక్సైడ్ స్ఫటికం నమూనాను థర్మోకోల్ ఉండలతో చేసి, అట్టపెట్టెలో పెట్టుకుని శ్రీకాకుళంలో బస్సెక్కాను. పక్క సీట్లో చేపలమ్మే ఆవిడ కూర్చుంది.

"బాబూ, ఆ పెట్టిలో ఏటున్నాదిరా?"

వివరించే ఓపిక లేక, "ఇనుమమ్మా" అన్నాను.

"ఇనుమైతే ఏటీ అవదులే" అని గంప దానిమీద పెట్టేసింది.

విజయనగరంలో దిగి చూస్తే పై పొర పక్కకు జారిపోయి ఉంది. చేపలు మాత్రం బాగానే ఉన్నాయి. సరిచేసే టైము లేక అలాగే తీసుకెళ్లాను. పరీక్షకు వచ్చిన ప్రొఫెసర్ థీసిస్ మూసేసి నమూనానే చూస్తున్నారు. నా పని అయిపోయిందనుకున్నాను.

"నిజం స్ఫటికాల్లో పొరలు ఇలాగే జారతాయి. అందరూ తిన్నగా చేసుకొస్తారు. భలే గమనించావయ్యా!"

గంప సంగతి దాచి దండం పెట్టాను. డాక్టరేట్ వచ్చింది. ఆరేళ్లలో నాకు దక్కిన మెచ్చుకోలు అదొక్కటే. అదీ ఆవిడదే.