నెమలి వేషంలో నేను

ఎనభైల్లో మేము బ్రూక్లిన్‌లో ఉండేవాళ్ళం. పక్కింటి ట్రినిడాడ్ ఆవిడ గ్లోరియా కార్నివాల్ ఊరేగింపుకి వేషాలు కుట్టేది. ఓసారి నెమలి వేషం కట్టాల్సిన అమ్మాయికి జ్వరం వస్తే, దానికి ఈకలు అతికించడంలో సాయం చేసిన నన్నే కట్టమంది. ముఖానికి మాస్క్ ఉంటుంది కదా అని మావారికి చెప్పకుండా వెళ్ళాను.

నడివీధిలో గంతులేస్తుంటే నడుం తీగ తెగి, తోకతో సహా స్కర్ట్ ఊడిపోయింది! కాళ్ళు కనబడకూడదని లోపల వేసుకున్న మావారి చారల పైజామా బయటపడింది. సిగ్గుతో కొయ్యబారిపోయాను.

“ఆగకు, డాన్స్ చెయ్యి!” అని గ్లోరియా అరిచింది. తోక చంకన పెట్టుకుని మళ్ళీ గెంతాను. జనం ఒకటే ఈలలు. ఇంతలో ఫుట్‌పాత్ మీద నుంచి తెలుగులో కేక వినబడింది.

“ఏమేవ్! అది నా పైజామా కదూ?”

వారం రోజులు ఆయన ముఖం చూడలేకపోయాను. కానీ నలుగురిలో అంత హాయిగా గెంతింది జీవితంలో ఆ ఒక్కరోజే.