నాగరత్నం గారు సముద్రం ముందు కూర్చున్న వైనం

నాగరత్నం గారు కాపురానికొచ్చాక సాధించిన మొట్టమొదటి విజయం, మండపేట మెయిన్ రోడ్డులోని తమ కిరాణా కొట్టును ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి మూడున్నర దాకా మూయించడం. దానికి పదకొండేళ్లు పట్టింది. ఆవిడ భర్త కుక్కుటేశ్వరరావు గారు తండ్రి చేతి నుంచి తాళాలు అందుకున్నది మొదలు, పిల్లాడు పుట్టినా, తుఫానుకు రేకులు ఎగిరిపోయినా షట్టరు దించిన మనిషి కాదు. అలాంటి మనిషి చేత రెండు గంటలు దింపించడమంటే మాటలా! ఆ మొదటి ఆదివారం ఆయన ఏం చెయ్యాలో తోచక, మూసిన షట్టరు ముందే స్టూలు వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్లందరికీ "కొట్టు మూసేశామండి" అని చెబుతూ గడిపారు. అది వేరే సంగతి. విజయం విజయమే.

ఆవిడ చదివింది పుట్టింటి ఊళ్లో హైస్కూల్లో పదో తరగతి. ఆ ఏడు పరీక్షకు కూర్చున్న పదిహేడు మంది ఆడపిల్లల్లో మొదటిసారికే గట్టెక్కినవాళ్లు నలుగురు. నలుగురిలో ఆవిడ ఒకరు. ఆ తర్వాత సాధించినవీ తక్కువేం కాదు. వంటింట్లో ఫ్యాను పెట్టించారు. మిల్లు లారీల వాళ్లను భోజనానికి వెంటబెట్టుకొచ్చే ముందు ఫోన్ చెయ్యాలని భర్త చేత ఒప్పించారు. పుష్కరాల పన్నెండు రోజులూ ముప్పై రెండు మంది చుట్టాలకు మూడు పూటలా వండిపెట్టి, పదమూడో రోజు తెల్లారింది మొదలు పడుకునేదాకా ఒక్క మాట మాట్లాడకుండా ఉండగలిగారు. ఆ ఘనత ఆ వంశంలో ఇంకా ఎవరికీ దక్కలేదు.

యాభై ఏడేళ్లు వచ్చినా ఒక్కటి మాత్రం చేతికందలేదు. ఆవిడ సముద్రాన్ని మూడుసార్లు చూశారు. మూడుసార్లూ నిలబడే చూశారు. అంతర్వేది తీర్థంలో చంకలో పిల్లాడు, చేతిలో చెప్పులు. చొల్లంగి అమావాస్య స్నానానికి అత్తగారి చెయ్యి వదలడానికి లేదు. మూడోసారి ఎవరిదో పెళ్లికి వెళ్తూ బస్సు ఆగితే, డ్రైవరు హారను కొట్టేదాకా. కుర్చీ వేసుకుని కూర్చుని, ఎవరూ ఏదీ అడక్కుండా, మూడు రోజులు సముద్రాన్ని చూడాలి. ఇదే ఆవిడ కోరిక.

ఆ కోరిక రాజమహేంద్రవరంలో కాపురముంటున్న కోడలు సాయిప్రసన్న చెవిన పడింది. కిందటేడు, అంటే రెండు వేల ఇరవై ఐదులో, ఆగస్టు పదిహేను శుక్రవారం వచ్చింది. శనివారం కృష్ణాష్టమి, తర్వాత ఆదివారం. ఆ పిల్ల ఫోన్లోనే విశాఖపట్నంలో గది పట్టేసింది.

"అత్తయ్యా, బాల్కనీలో రెండు కుర్చీలు, ఎదురుగా సముద్రం. టిఫిను గదికే తెచ్చిస్తారు. ఒక్కటే మాట, ఎవరికీ చెప్పకండి."

"నేనెవరికి చెప్తానే తల్లీ!" అన్నారు నాగరత్నం గారు. నిజంగానే చెప్పలేదు.

చెప్పింది షట్టరు. కుక్కుటేశ్వరరావు గారు మూడు రోజులు ఊరికే మూసేస్తే ఊరేమనుకుంటుందని ఒక రాత్రంతా ఆలోచించారు. "కారణం రాయకపోతే ఐపీ పెట్టేసి పారిపోయామనుకుంటారు రత్నం. మా నాన్న పేరేం గాను?" అని, అట్టముక్క మీద ఇంత లావు అక్షరాలతో రాసి వేలాడదీశారు: "కుటుంబ సమేతంగా విశాఖపట్నం వెళ్తున్నాము. 15, 16, 17 సెలవు."

అట్ట కట్టింది పొద్దున్న ఏడింటికి. ఏడుంబావుకి మొదటి మనిషి వచ్చాడు.

"ఎలాగూ వెళ్తున్నారు కదండీ, మా అమ్మాయి మధురవాడలోనే ఉంటుందండి. చిన్న జాడీ, ఆవకాయ."

కుక్కుటేశ్వరరావు గారు ఎదుటివాడికి 'లేదు' అనే మాట చెప్పి ఎరగరు. సరుకు లేకపోయినా 'రేపొస్తుందండి' అనేవారే గాని 'లేదు' అనేవారు కాదు. జాడీ పుచ్చుకున్నారు. సాయంత్రానికి తాపేశ్వరం కాజాల డబ్బాలు ఆరు, కొబ్బరికాయల గోనె ఒకటి, పంపరపనసకాయలు, ఇంజనీరింగు చదివే పిల్లాడికి వాడి దిండు వచ్చి చేరాయి. ఆ దిండు లేకపోతే వాడికి పాఠం ఎక్కదట. మర్నాటికి కనకాంబరం కుండీలు, పాతిక కేజీల బియ్యం బస్తాలు. మూడోనాడు నలుగురు మనుషులు మోసుకుంటూ రుబ్బురోలు తెచ్చారు. తొమ్మిదో అంతస్తులో కాపురమున్న మేనకోడలికి మిక్సీ పచ్చడి సయించడం లేదట. అందరిదీ ఒకటే మాట: "ఎలాగూ వెళ్తున్నారుగా!"

నాలుగోనాడు దూడ వచ్చింది. గృహప్రవేశానికి సొంత ఊరి దూడైతే శ్రేష్ఠమని ఎవరో పెద్దాయన ఉద్దేశం.

"దూడేంటండీ?" అన్నారు నాగరత్నం గారు.

"చిన్నదే రత్నం. ఎంత, మన మనవరాలు హర్షితంత ఉంది."

"హర్షిత కారులో కూర్చుంటుందండీ!"

నిజమే మరి. కారు మానేసి వ్యానన్నారు, వ్యాను మానేసి లారీ అన్నారు. విశాఖకు బియ్యం తోలే బుల్లియ్య ఖాళీ లారీ మాట్లాడారు. ఇక కుక్కుటేశ్వరరావు గారికి హుషారు పుట్టింది. సామాను లెక్కన సర్దడంలో ఆయన్ను మించినవాడు ఆ రోడ్డులో లేడు. ప్రతి దానికీ నంబరు చీటీ అతికించారు. గమ్ముకు డబ్బు దండగని మైదా ఉడికించి ఆ జిగురుతోనే అతికించారు. ఏ నంబరు ఏ ఇంటికో, ఎవరి ఇల్లు ఎప్పుడో నోటుపుస్తకంలో మూడు రోజుల కార్యక్రమం రాసి భార్యకు చూపించారు. గాజువాక, ఎన్ఏడీ, సీతమ్మధార, మధురవాడ... ఆవిడ వేలు పెట్టి చదువుకుంటూ చిట్టచివరికి వచ్చారు. "ఆదివారం సాయంత్రం 5.10 నుంచి 5.25 వరకు సముద్రం (వీలుంటే)."

"పావుగంటేనా?"

"అక్కడ లారీ ఆపనివ్వరంట రత్నం."

"కూర్చోడానికి ఉంటుందా?"

"పావుగంటకి కూర్చోడమేంటి? నిలబడే చూసేద్దాం."

పదకొండేళ్లు పోరాడిన మనిషికి తొందర ఉండదు. ఆవిడ బట్టల సంచి గట్టిగా ముడేసుకున్నారు.

పదిహేనో తారీఖు తెల్లవారుజామున లారీ కదలబోతుండగా వెనక వీధి సాంబశివరాజు గారు తల్లిని చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చారు. ఆవిడ పేరు సూర్యావతి గారు. డెబ్బై ఎనిమిదేళ్లు, నిటారుగా ఉంటారు.

"ఆయ్, రావుగారండీ, మా అమ్మగారండి. విశాఖలో మా తమ్ముడు చైతన్య దగ్గర దింపెయ్యాలండి. ఎలాగూ వెళ్తున్నారు కదండి. పెద్ద బరువుండరండి."

కుక్కుటేశ్వరరావు గారు అలవాటు చొప్పున చీటీ మీద నలభై రెండు వేసి సూర్యావతి గారి చేతిసంచికి అతికించేశారు. ఆవిడ దాన్ని కళ్లజోడు సర్దుకుని చూశారు.

"నా ముందు నలభై ఒకటి ఎవరయ్యా?"

"దూడండి."

"దాని ముందు?"

"రుబ్బురోలండి."

"బాగుంది. పదండి మరి."

డ్రైవరు బుల్లియ్య పక్కన ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. రామచంద్రపురం దాటేసరికి ఆడవాళ్లిద్దరికీ మాటలు కలిశాయి. "పెద్దబ్బాయి గారింట్లో ఇబ్బందేమైనా ఉందాండీ?" అని నాగరత్నం గారు మెల్లగా అడిగారు.

"ఇబ్బందా! మర్యాదమ్మా, మర్యాద!" అన్నారు సూర్యావతి గారు. "పెద్దోడింట్లో పదిహేను రోజులు, చిన్నోడింట్లో పదిహేను రోజులు. కోడళ్లిద్దరూ పోటీ. 'ఇంకొంచెం వేసుకోండత్తయ్య గారూ, మీరేం తినలేదత్తయ్య గారూ.' కిందటి నెల నిద్దర్లో ఉంటే లేపి పూతరేకు పెట్టారమ్మా. ఒక్క పూట పస్తుండి హాయిగా పడుకోవాలని నా కోరిక."

నాగరత్నం గారు ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

కాకినాడలో ఎక్కించుకోవలసిన పార్శిలొకటి ఉండబట్టి లారీ అటు తిరిగింది. అది ఎక్కించుకుని బీచ్ రోడ్డెక్కాక వెనక దూడ ఒకటే అరుపు. దానికి నీళ్లు పెడదామని బుల్లియ్య ఒక టీ కొట్టు దగ్గర ఆపాడు. కొట్టు యజమాని యెహెజ్కేలు బకెట్టు తెచ్చాడు. వెనక తలుపు దించి చూసిన బుల్లియ్య అక్కడే నిలబడిపోయాడు.

"షావుకారు గారూ! చీటీలు తినేసిందండీ!"

"ఎన్ని?"

"దానిది కూడా తినేసిందండీ."

మైదా జిగురు దూడకు రుచి తగిలింది. రామచంద్రపురం నుంచి కాకినాడ దాకా కమ్మగా ఒక్కొక్కటే నాకి, చించి, మింగేసింది. నోటుపుస్తకంలో నంబర్లన్నీ భద్రంగా ఉన్నాయి. సామానంతా భద్రంగా ఉంది. ఏది ఎవరిదో మాత్రం ఆ దూడ కడుపుకే తెలియాలి.

కుక్కుటేశ్వరరావు గారు తల పట్టుకున్నారు. తర్వాత లారీలోని సామానంతా దింపించి ఇసుక మీద వరసగా పేర్పించారు. జాడీ మూత తియ్యడం, వాసన చూడడం, ఎవరికో ఫోన్ చెయ్యడం. "మీ ఆవకాయలో వెల్లుల్లి ఉందాండీ? ఉందా? చిన్న రెబ్బలాండి, పెద్ద రెబ్బలాండి?" బీచికి షికారొచ్చిన జనం ఆగి రేట్లు అడుగుతున్నారు. ఒకాయన రుబ్బురోలు బేరం చేసి, ఇవ్వనన్నందుకు కోపం తెచ్చుకున్నాడు.

ఈలోగా నాగరత్నం గారు యెహెజ్కేలు కొట్టు ముందున్న రెండు ప్లాస్టిక్ కుర్చీలు తీసుకున్నారు. సముద్రం వైపుకు తిప్పి వేశారు. ఒకదానిలో సూర్యావతి గారిని కూర్చోబెట్టారు. రెండోదానిలో తాను కూర్చున్నారు. ఎదురుగా నీళ్లు. గాలి మొహానికి కొడుతోంది. ఆవిడ కాళ్లు చాపుకున్నారు.

"రత్నం! ఒక్కసారిలా రా. ఇది ఎవరి మాగాయో వాసన చూసి చెప్పు. నీకు తెలుస్తుంది."

తెలుస్తుంది. అక్కడికే ఆ వాసన వచ్చింది, ఎవరింటిదో కూడా ఆవిడకు తెలిసిపోయింది. లేచి నాలుగడుగులు వేస్తే చాలు, గంటలో నలభై పార్శిళ్లూ తేలిపోతాయి. లారీ కదులుతుంది. మళ్లీ పావుగంట సముద్రం, అదీ వీలుంటే. ముప్పై అయిదేళ్లుగా పిలిస్తే లేచిన మోకాళ్లు తమంతట తామే కదలబోయాయి. ఆవిడ రెండు చేతులూ వాటి మీద వేసి నొక్కిపెట్టారు.

"కూర్చున్నానండీ," అన్నారు.

కుక్కుటేశ్వరరావు గారు అర్థం కానట్టు చూశారు. "కూర్చుంటే లే."

"ఇప్పుడే కూర్చున్నానండీ."

ఆయన జాడీ పట్టుకుని వెనక్కి వెళ్లి మళ్లీ ఫోన్ తీశారు. మూడింటికి సామాను తేలింది. లారీలోకి ఎక్కింది. కుర్చీలు మాత్రం కదల్లేదు.

"నువ్వు రావా రత్నం?"

"మీరెళ్లి అందరివీ ఇచ్చేసి రండి. పక్కన గెస్ట్ హౌసులో గది ఉందంట, యెహెజ్కేలు చెప్పాడు. నాకు అమ్మగారు తోడు."

"అమ్మగారు నలభై రెండో నంబరు! ఆవిణ్ణి ఇచ్చెయ్యాలి!"

"చీటీ ఏదయ్యా?" అన్నారు సూర్యావతి గారు, చీటీ ఊడిన చేతిసంచి ఎత్తి చూపిస్తూ. దిగేటప్పుడు ఆవిడే దాన్ని ఒలిచి దూడ నోటికి అందించారు. కొడుక్కి కూడా ఆవిడే ఫోన్ చేసి చెప్పారు: "ఒరేయ్ చైతన్యా, నేను పార్శిల్లో తప్పిపోయాన్రా. వెతుకుతున్నారు. కంగారు పడకు, బానే ఉన్నాను. ఒరేయ్, భోజనం పంపించకు!"

లారీ విశాఖ వెళ్లిపోయింది. ఇద్దరూ శనివారం కూర్చున్నారు, ఆదివారం కూర్చున్నారు. యెహెజ్కేలు రోజుకు నాలుగుసార్లు టీ తెచ్చిపెట్టేవాడు. మొదటి రోజు అలవాటు కొద్దీ "బిస్కెట్టు తీసుకోండమ్మా" అన్నాడు. సూర్యావతి గారు చూసిన చూపుకు మళ్లీ అనలేదు.

ఆదివారం సాయంత్రం కుక్కుటేశ్వరరావు గారు ఫోన్ చేశారు. గొంతులో ఆయాసం ఉంది, తిండి తిన్న ఆయాసం.

"ఇప్పటికి ఎనిమిది ఇళ్లయ్యాయి రత్నం. ఎవరూ భోజనం చెయ్యకుండా కదలనివ్వడం లేదు. పొద్దున్నొక ఇల్లు, మధ్యాహ్నమొక ఇల్లు, సాయంత్రం పలహారానికొకటి, రాత్రికొకటి. ఇంకోటి విను. గిన్నె ఖాళీగా తిరిగి పంపితే ఇంటికి అరిష్టమంట. ఒక్కొక్కరూ ఏదో ఒకటి వండి నింపి ఇస్తున్నారు. ఎలాగూ మండపేట వెళ్తున్నారుగా అంటున్నారు. కోడలు పట్టిన గదిలో చోటు చాలక బాల్కనీలో కుర్చీల మీద కూడా పెట్టాను."

"మరి దూడ?"

"వాళ్లింట్లో దించాను. గృహప్రవేశం దాకా నన్ను కూడా ఉండమంటున్నారు."

"అలాగా," అన్నారు నాగరత్నం గారు. రోజుకు నాలుగిళ్లు. ఇంకా ముప్పై రెండు ఇళ్లు. పదో తరగతి మొదటిసారికే గట్టెక్కిన మనిషికి ఆ లెక్క ఎంతసేపు! ఇంకా ఎనిమిది రోజులు, ఆపైన దారి. "తొందరపడకండి. ఎవరినీ నొప్పించకండి. పెట్టింది తినండి. కొట్టు సంగతి మనబ్బాయి ఉదయ్ వచ్చి చూసుకుంటాడు."

"నీకక్కడ ఇబ్బందిగా లేదూ?"

సూర్యావతి గారు పక్క కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. పొద్దున్నించి రెండు టీలు తప్ప ఏమీ తినలేదు. నాగరత్నం గారు కొంగు జారిపోకుండా సర్ది, సముద్రం వైపు చూశారు.

"లేదండీ," అని ఫోన్ పెట్టేశారు. ఆ తర్వాత కొడుక్కి కబురు పంపించారు: మీ నాన్న లారీ తిరుగుదారిలో కాకినాడ వచ్చి ఎక్కించుకుంటారు, వినాయక చవితి ముందురోజు సాయంత్రానికి ఇంట్లో ఉంటాను, ఆగస్టు ఇరవై ఆరు, మంగళవారం.