రత్నకుమారి అల్లిన మంచం

మా ఇంటికి రెండు గదులు. ముందు గదిని గవర్నమెంటు వాళ్లకి అద్దెకిచ్చాను, ఆరోగ్య ఉపకేంద్రం పెట్టుకోవడానికి. ప్రతి బుధవారం నర్సు సుందరమ్మగారు పడవలో వచ్చి, పిల్లలకి సూదులు వేసి, కడుపుతో ఉన్నవాళ్లను చూసి వెళ్లేవారు. రెండు గదుల మధ్యా ఒకటే తలుపు, అదీ సరిగ్గా పడదు. అందుకని లంకలో ఎవరికి ఎన్నో నెలో ఎవరూ చెప్పకుండానే నాకు తెలిసిపోయేది. ఆ తలుపు బాగుచేయించమని మా ఆయనకు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. ఆయన పోయారు, తలుపు అలాగే ఉంది.

రత్నకుమారి సంగతి చెప్పాలంటే ముందు ఆ గదిలో బల్ల గురించి చెప్పాలి. ఇనప బల్ల, నా నడుము దాటే ఎత్తు, ఎక్కడానికి కింద ఒక పీట. కడుపుతో ఉన్నామె పీట మీద అడుగేసి, బల్లెక్కి వెల్లకిలా పడుకుంటే, సుందరమ్మగారు పొట్ట మీద రెండు చేతులూ వేసి నెమ్మదిగా నొక్కి, బిడ్డ తల ఎటుందో చెప్పేవారు. ఆ చేతులంటే మా ఆడవాళ్లకు గొప్ప నమ్మకం.

రత్నకుమారికి పసితనంలోనే పోలియో వచ్చి రెండు కాళ్లూ పడిపోయాయి. చేతులకు పాత చెప్పులు తొడుక్కుని నేల మీద దేకుతూ వెళ్లేది. కూర్చుని చేసుకునే పని కదా అని వెదురు పుల్లలతో చేపల మావులు అల్లడం నేర్చుకుంది. ఆమె అల్లిన మావులో దూరిన చేప మళ్లీ బయటికి రాదని మగవాళ్లే చెప్పుకునేవారు. తాటి దోనెలో కూర్చుని తెడ్డు అందుకుందంటే మరి ఆపేవాళ్లు లేరు. దోనెలో కూర్చున్నాక అందరి తలలూ ఒకే ఎత్తులో ఉంటాయి. అక్కడ ఆమె గొంతు కూడా పెరిగేది.

ముప్పై దాటాక ఆమెకు పెళ్లయింది. భార్య పోయిన సీమోను ఒక ఆదివారం చర్చిలో లేచి నిలబడి, రత్నకుమారిని చేసుకుంటానని అందరి ముందూ చెప్పాడు. ఊరంతా ముక్కున వేలేసుకుంది. వండిపెట్టే మనిషి కోసంలే అని వాళ్లకు వాళ్లే సర్దిచెప్పుకున్నారు. సీమోను మంచివాడే కానీ మాటకారి కాదు. గణపవరం వైపు చేపల చెరువుల మీద కాపలా పని. శనివారం సాయంత్రం వచ్చి, ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్లిపోయేవాడు. మిగతా వారమంతా ఆమె ఒక్కతే.

మాత్రలు కావాలా, ఆపరేషను కావాలా, నెలసరి సరిగ్గా వస్తోందా అని ప్రతి గడపలోనూ అడిగే సుందరమ్మగారు రత్నకుమారి గడప దగ్గర మాత్రం "బాగున్నావా అమ్మా" అని దాటి వెళ్లిపోయేవారు. ఆ ఇంట్లోనూ మొగుడూ పెళ్లాం ఉన్నారన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

2004 వానల్లో ఒక రోజు రత్నకుమారి మా అరుగు దగ్గరికి వచ్చి కూర్చుంది. "జ్ఞానమ్మక్కా, నాకు మూడో నెల" అంది. ఆ మొహం చూసి నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. బుధవారం నేనే దగ్గరుండి తీసుకెళ్లాను. వరసలో కూర్చున్న ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు.

"ఎవరి పిల్లకమ్మా సూది?" అని ఒకావిడ అడిగింది.

"నా పిల్లకే" అంది రత్నకుమారి.

వరసలో తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. సుందరమ్మగారు మాత్రం వెంటనే తేరుకున్నారు. చెడ్డ మనిషి కాదావిడ. ప్రేమగా వీపు నిమిరారు, సూది వేశారు, ఐరన్ మాత్రలిచ్చారు, బీపీ చూశారు. ఆ తర్వాత బల్ల వైపు ఒకసారి చూసి, "నువ్వు శ్రమపడకమ్మా, ఇక్కడే కూర్చో. నీకేం బాధ లేదుగా? అంతా బాగానే ఉంది" అన్నారు.

"పర్వాలేదండీ" అంది రత్నకుమారి.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. నలుగురం ఉన్నాం, ఎత్తి పడుకోబెడదాం అన్నాను. "ఎందుకండీ పాపం, జారిపడితే ఇంకేమన్నా ఉందా" అన్నారు సుందరమ్మగారు. రత్నకుమారి నా చీర చెంగు పట్టుకుని లాగింది. "వద్దక్కా. అంతమంది పట్టుకుని ఎత్తితే నా ఒంటి మీద బట్ట నిలవదు. బయట మగాళ్లున్నారు" అంది. ప్రతి నెలా ఇదే తంతు. మా వైపు మాట మెత్తన కదా! అవిటి మనిషిని ఇబ్బంది పెట్టకూడదని ఆవిడ, నర్సమ్మగారిని ఇబ్బంది పెట్టకూడదని ఈమె. ఒకరికొకరు మర్యాదలు చేసుకుంటూ ఇద్దరూ నెలలన్నీ గడిపేశారు. ఆ పొట్ట మీద మాత్రం ఒక్కరి చెయ్యీ పడలేదు.

ఆ రోజుల్లో ఆ ఇంటి ముందు నుంచి వెళ్తే ఆమె గొంతు వినిపించేది. మావు అల్లుతూ కడుపులో బిడ్డతో మాట్లాడేది. ఈ పుల్ల ఇలా వంచాలి, ఈ ముడి ఇలా బిగించాలి, మీ నాన్న శనివారం వస్తాడు, ఇలాంటివే. ఆమె జన్మలో అంతసేపు ఆమె మాట విన్నవాళ్లు ఇంకెవరూ లేరు. ఒకసారి నాకు డొక్క చూపించి, "ఇక్కడ గుండ్రంగా గట్టిగా తగులుతోందక్కా, మడమ కాబోలు. మంచి బలమైన కాళ్లు" అని మురిసిపోయింది. నాకు పిల్లల్లేరు. మడమ ఎక్కడుంటుందో, తల ఎక్కడుంటుందో నాకేం తెలుసు.

నెలలు నిండాక ఒక శుక్రవారం తెల్లవారుతూనే నొప్పులు మొదలయ్యాయి. సీమోను ఊళ్లో లేడు. అప్పటికింకా 108 బండి రాలేదు. పడవలో గట్టు చేరి, అక్కణ్ణించి ఆటోలో ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి పొద్దెక్కిపోయింది. స్ట్రెచర్ మీద ఆమెను పెట్టుకుని, ఆయా నన్ను అడుగుతోంది: "ఈవిడకి పెళ్లయిందా అండీ? ఎవరు చేశారిలా?" నాకు ఒళ్లు మండింది. నోరు ఆమెకూ ఉంది, ఆమెనే అడగమన్నాను. అడగలేదు. పేరు దగ్గర్నుంచి నెలల దాకా అన్నీ నన్నే అడిగారు, ఆమె మీదుగా.

డాక్టరమ్మ వచ్చి పొట్ట మీద చెయ్యి వేయగానే ఆవిడ మొహం మారిపోయింది. "బిడ్డ అడ్డం తిరిగి ఉంది. ఇన్ని నెలలూ ఎవరూ చెయ్యి వేసి చూడలేదా?" అని నా కేసి చూశారు.

జవాబు స్ట్రెచర్ మీంచి వచ్చింది. "బల్ల చాలా ఎత్తండీ" అంది రత్నకుమారి.

బిడ్డ దక్కలేదు. ఆడపిల్ల. అప్పటికే గర్భసంచి చిరిగిపోయిందని, తల్లిని బతికించడానికి దాన్ని తీసేశామని సాయంత్రం చెప్పారు. డొక్కలో తగిలింది మడమ కాదు, తల. సీమోను వచ్చి, పాపని తువ్వాలులో చుట్టి తీసుకెళ్లి గట్టు మీద పూడ్చిపెట్టాడు. తల్లి దాని మొహం చూడలేదు. చూస్తావా అని ఆమెను ఎవరూ అడగలేదు.

ఇంటికి వచ్చాక ఊళ్లో అమ్మలక్కలు పరామర్శకు బయల్దేరారు. "పోనీలేమ్మా, నువ్వెలా పెంచుతావు. నీ అవస్థ చూసే దేవుడు తీసుకున్నాడు" అన్నారు. దేవుడికి ఇంకేం పని లేదా అని గట్టిగానే అడిగి పంపేశాను. సుందరమ్మగారు వచ్చి గడపలో కూర్చుని ఏడ్చారు. "మీరేం చేస్తారండీ" అని రత్నకుమారే ఆవిణ్ణి ఓదార్చింది. తర్వాత మళ్లీ మావులు ముందేసుకుంది. సీమోను మళ్లీ చెరువుల మీదకి వెళ్లాడు. ఆ ఇంటి ముందు నుంచి వెళ్తే ఇప్పుడు పుల్లలు చీల్చే చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. ఆ చప్పుడు వినలేక నేను చుట్టూ తిరిగి వెళ్లేదాన్ని.

మరుసటి ఏడు వరదానం కోడలు శాలిని కడుపుతో ఉంది. ఆ పిల్లకి ఒక కాలు పొట్టి, తుంటి పట్టేసి ఉంటుంది. ఒక బుధవారం రత్నకుమారి నాకు చేపలు తెచ్చి నా గదిలో కూర్చుంది. సరిగ్గా పడని ఆ తలుపు సందులోంచి సుందరమ్మగారి గొంతు మెత్తగా వినిపించింది. "నువ్వు శ్రమపడకమ్మా, ఇక్కడే కూర్చో."

రత్నకుమారి చేతిలో బుట్ట అలాగే ఆగిపోయింది. నా మొహం కేసి ఒక్కసారి చూసి, దోనెక్కి వెళ్లిపోయింది.

ఆ ఆదివారం వాళ్లింట్లో రంపం చప్పుడు. పాత మంచం కోళ్లు సీమోను కొంచెం కొంచెంగా కోస్తున్నాడు. కోసినప్పుడల్లా రత్నకుమారి పక్కన కూర్చుని, పట్టె మీద అరచేతులు ఆనించి ఒళ్లు లేపి చూస్తోంది, ఇంకొంచెం అంటోంది. నులక సాగిపోతుందని వల తాడు తెచ్చి, రెండు పేటలుగా బిగించి అల్లింది. పడుకుంటే నడుము దిగని మంచం. దాన్ని దోనెలో అడ్డంగా పెట్టుకుని, తెడ్డు తనే వేసుకుంటూ బుధవారం పొద్దున్నే తెచ్చింది.

"ఇదేంటమ్మా? పైవాళ్లు చూస్తే నన్నేమంటారో" అన్నారు సుందరమ్మగారు.

"శాలినిని దీని మీద పడుకోబెట్టి, చేతులు వేసి చూడండి. చూసేదాకా నేనిక్కడే కూర్చుంటానండీ" అంది రత్నకుమారి.

పర్వాలేదండీ అనని రత్నకుమారిని నేను చూడడం అదే మొదలు. సుందరమ్మగారు శాలినిని పిలిచారు. శాలిని తనంతట తనే కూర్చుని, ఒరిగి, పడుకుంది. ఆవిడ నేల మీద మోకాళ్లూని పొట్ట మీద చేతులు వేశారు. పైనా, కిందా, రెండు పక్కలా నొక్కి చూశారు. "తల కిందికే ఉంది" అన్నారు. ఆ తర్వాత కాళ్లు బాగున్నవాళ్లు కూడా ఆ మంచమే కావాలన్నారు, బల్ల ఎక్కలేమని.

మధ్యాహ్నం పడవ వెళ్లిపోయాక ముందు గదిలో చప్పుడైంది. వెళ్లి చూశాను. రత్నకుమారి చేతుల చెప్పులు విడిచి పక్కన పెట్టి, పట్టె మీద అరచేతులు ఆనించి, ఒక్క ఊపులో మంచం ఎక్కింది. వెల్లకిలా పడుకుని కప్పు కేసి చూస్తోంది.

"అక్కా, ఒకసారి చెయ్యి వెయ్యవా" అంది.

నేల మీద మోకాళ్లూని, ఆ కోత మచ్చ మీద, ఏమీ లేని ఆ పొట్ట మీద నా రెండు చేతులూ వేశాను. సుందరమ్మగారు చేసినట్టే పైనా, కిందా, రెండు పక్కలా నెమ్మదిగా నొక్కి, చేతులు తీశాను.

"ఇంతేనా అక్కా?"

"ఇంతే."

"ఇంతసేపే పడుతుందా" అంది రత్నకుమారి.

ఆమె లేచి కూర్చుని, చెప్పులు అందుకుని చేతులకు తొడుక్కుంది.