ఎవ్వరిది మంచిగున్నది?

వనజ చేసిన ఆఖరి మామూలు పని పక్కింటి బీరమ్మ పచ్చిపులుసును చెంచాతో రుచి చూడటం. ఇంటికొచ్చి, ఉల్లిగడ్డ రెట్టింపు వేసి, అరగంటలో తనూ పచ్చిపులుసు చేసింది. సాయంత్రానికి ఆమె గుండె ఆగిపోయింది. పులుసు మర్నాటికి కూడా బాగానే ఉంది.

నా భార్య వనజకు ఉన్న గుణం ఒక్కటే: ఓర్వలేనితనం. నగలు, చీరలు, ఇళ్లు ఎవరికెన్ని ఉన్నా ఆమెకు పట్టేది కాదు. ఒకరి వంటను నేను మెచ్చుకుంటే మాత్రం నాలుగు రోజుల్లో ఆ వంట మా ఇంట్లో ప్రత్యక్షం. పళ్లెం నా ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడి అడిగేది:

"ఎవ్వరిది మంచిగున్నది?"

"నీదే."

ఇరవై రెండేళ్లు నా జవాబు అదే. కిరాణా కొట్టు సావిత్రమ్మ గారి నిమ్మకాయ తొక్కు బాగుందన్న పాపానికి ఏడాదిపాటు మా ఇంట్లో మరో తొక్కు లేదు. ఒక పెళ్లిలో బగారా అన్నం రెండోసారి వడ్డించుకున్నానని, మా ఇద్దరి కోసం పెళ్లిళ్లలో వండే పెద్ద డేగిసా కిరాయికి తెచ్చింది. ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారి గుడిలో పులిహోర ప్రసాదం నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాను. భక్తితోనే మూసుకున్నాను. మర్నాడు ఇంట్లో పులిహోర. అమ్మవారితో పోటీ ఏమిటన్నాను.

"అమ్మవారు వండలే గద, పూజారి వండిండు. ఎవ్వరిది మంచిగున్నది?"

నీదే అన్నాను. అమ్మవారు అర్థం చేసుకుని ఉంటుంది.

పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో నేను స్టోర్స్ గుమస్తాను. మా ల్యాబ్‌లో జిన్నారం నుంచి చంద్రిక అని ఒక అమ్మాయి కొత్తగా చేరింది. ఒకరోజు క్యాంటీన్లో ఆమె డబ్బా తెరిచి అందులో ఉన్నది పంది మాంసమని చెప్పగానే బల్ల ఖాళీ అయింది. ఆలస్యంగా వెళ్లిన నాకు చోటున్నది అక్కడే. మీరు తినరేమో సార్ అని ఆమె మూత పెట్టబోయింది. వద్దన్నాను. అరచేయంత మక్క రొట్టెలు, వాటిలో, పైనాపిల్ రసంలో నానబెట్టి బొగ్గుల మీద అంచులు మాడేలా కాల్చిన మాంసం, అలాగే కాల్చిన పైనాపిల్ ముక్కలు, పైన నిమ్మరసం. ఫోన్లో చూసి నేర్చుకుందట. వాటిని టాకోలంటారట. మూడు తిన్నాను.

ఇంటికొచ్చి నోరు జారాను.

మా ఇంట్లో పంది ఎన్నడూ వండలేదు కాబట్టి బతికిపోయాననుకున్నాను. వనజ మాత్రం నన్ను కూర్చోబెట్టి పోలీసులా విచారించింది. మిరపకాయలు నానబెట్టి నూరిందా, రొట్టె ఎంత మందం, మాంసం పైనాపిల్ రసంలో ఎంతసేపు నానింది?

"గంట అన్నది."

"గంటేనా?" అని జాలిగా నవ్వింది. "నేను తెల్లారిందాక నానబెడుత."

పైనాపిల్ రసం మాంసాన్ని తినేస్తుందని మాకెవరికి తెలుసు? ఆదివారం గిన్నె మూత తీసేసరికి ముక్కలు ముద్దయ్యాయి. పాత కూలర్ జాలిని తోమి కుంపటి మీద పెట్టి, దాని మీద వేసింది. వేసినవి వేసినట్టే జాలిలోంచి జారి బొగ్గుల్లో పడ్డాయి. గరిటెతో ఏరి, ఊది, రొట్టెలో పెట్టింది. రొట్టె మడిచేసరికి రెండుగా విరిగింది. పళ్లెం నా ముందుకొచ్చింది. చేతులు కట్టుకుంది.

"ఎవ్వరిది మంచిగున్నది?"

నీదే అందామనే నోరు తెరిచాను. నోటి నిండా బూడిద. "చంద్రికదే" అన్నాను.

ఆమె పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లింది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు గ్యాస్ బండ అయిపోయిందని మాట్లాడింది, అంతా మామూలే అయింది, ఒక్కటి తప్ప. ఆ తర్వాత ఎవరిది మంచిగున్నదని ఎన్నడూ అడగలేదు. పళ్లెం పెట్టి వెళ్లిపోయేది. చివరి రోజు పచ్చిపులుసు కూడా అలాగే పోసి వెళ్లింది. అడుగుతుందని అన్నం కలుపుతూ చాలాసేపు కూర్చున్నాను. అడగలేదు. రెండు వారాల కింద అన్న ఒక్క మాట మనసులో పెట్టుకునే పోయిందని నాకు ఖాయమైపోయింది.

పదకొండో రోజున చంద్రిక వచ్చింది. బీరమ్మ పక్కన కూర్చుని, ఆ ఆదివారం మర్నాడే వనజ ఆంటీ తన రూంకొచ్చిందని చెప్పింది. అప్పటికి చంద్రిక ఈ ఉద్యోగం మానేద్దామనుకుంటోందట. తలుపు తీయగానే వనజ అన్న మాట ఇది:

"మా ఆయన నీదే మంచిగున్నదన్నడు. గా మాట నీకు జెప్పాలె గద."

బీరమ్మ మూతి తిప్పింది. "నీ ఒక్కదానికే జెప్పిందా? నా బోటి కూరకు గూడ జెప్పింది. సావిత్రమ్మ తొక్కుకు గూడ."

నేను బీరమ్మ కూర గురించి అలా ఎన్నడూ అనలేదు. ఇరవై రెండేళ్లుగా మా వాడలో ప్రతి ఇంటి వంటా నా తీర్పుతో వనజను ఓడించిందని నాకప్పుడు తెలిసింది.

చంద్రికకు ఆ వారం సెకండ్ షిఫ్ట్. మూడు రోజులు, నేను ఫ్యాక్టరీకి పోగానే, వనజ వెళ్లి ఆమెతో కలిసి మాంసం కాల్చి, కలిసి తిని వచ్చిందట. మరి నన్ను అడగడం ఎందుకు మానేసిందన్నాను.

"అబద్ధం జెప్పెటప్పుడు మీరు సక్కగ తింటలేరంట సార్. ఇగ అడుగ, కడుపు నిండ తిననీ అన్నది."

ఇంట్లో నాకు మాట కరువైన ఆ మూడు రోజులు వనజ ఈ పిల్లతో ముచ్చట్లు పెట్టింది. ఓర్వలేనితనం ఎక్కడ పుడుతుందో, ఎంత మండుతుందో నాకు మొదటిసారి తెలిసింది. ఆమె బాధపడిందా అని అడిగాను.

చంద్రిక నవ్వు ఆపుకోవడానికి చూసింది. "మూడో రోజు నేనే అన్న సార్, ఆంటీ, పాపం ఇగ మాట్లాడురి అని. 'ఇంకొక్క పూట ఆగు బిడ్డా, నేను అడుగకుండనే ఆయన గిన్నెలు తోముతుండు' అన్నది."