తప్పుల పట్టిక

కొత్తగా దేశానికొచ్చినవాళ్ళకి ఇంగ్లీషు చెప్పే గదిలో ఆవిడ ఎప్పుడూ ఆఖరి బెంచీలోనే కూర్చుంటుంది. ఎవరు ఎలా నేర్చుకుంటున్నారో గమనించి రాసుకోవడమే ఆవిడ పరిశోధన. చెక్కీ చెక్కీ బొటనవేలంత మిగిలిన పెన్సిలు, మోకాలి మీద గళ్ళ కాగితం. నెల పరీక్షల మార్కులూ ఆ పట్టికలోనే; అది చూసే పాసైనవాళ్ళని బడివాళ్ళు తరగతి నుంచి పంపించేస్తారు. పట్టికలో చిన్న తప్పు దొర్లినా ప్రాణం ఒప్పదు; రబ్బరుతో చెరిపి, పొట్టు ఉఫ్‌మని ఊది, మళ్ళీ రాస్తుంది. ఏడాదిగా ఆవిడకి కొరుకుడు పడనిది ఒక్కటే: కిటికీ పక్కన కూర్చునే ముసలి దర్జీ ప్రతి నెలా పరీక్ష తప్పుతున్నాడు.

ఒకరోజు మెట్ల దగ్గర అతను కాపలా మనిషితో గలగలా ఇంగ్లీషులో మాట్లాడుతుంటే విని, నిలబడిపోయింది. దర్జీ తల దించుకున్నాడు. "పాసైతే రేపట్నుంచి రానివ్వరు కదమ్మా. ఇక్కడైతే రాగానే 'ఎలా ఉన్నారు?' అని టీచరమ్మ అడుగుతుంది. మా ఆవిడ పోయాక నన్నలా అడిగేవాళ్ళెవరున్నారు?" ఆవిడ మెట్లెక్కి గదిలోకి నడిచింది. బెంచీకి వెళ్ళి చాలాసేపు పట్టిక కేసి చూసింది. చివరికి ప్రాణం ఒప్పక, అతని మార్కులు చెరిపి, పొట్టు ఊది, 'పాస్' అని రాసింది. మరుసటి వారం కిటికీ పక్క చోటు ఖాళీ. రాకపోవడానికి కారణం రాసే గడిలో 'నేర్చుకున్నాడు' అని నింపింది. అందులో తప్పేమీ లేదు. అయినా రబ్బరు చేతిలోంచి కింద పెట్టలేకపోయింది.