మూడు ఊళ్ల నీళ్లు

మా మామ పోయారు. మొన్న బుధవారం పొద్దున పుట్టపర్తి ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసి "అయిపాయ" అని ఒక్క మాట అన్నాడు. ముందు రోజు సాయంత్రమే నేను బట్టలు తీసుకుపోదామని హిందూపురం ఇంటికి వచ్చి ఉన్నాను. పొయ్యి మీద పాలున్నాయి. అవి పొంగి మంట ఆరిపోయేదాకా అట్లాగే నిలబడ్డాను. ఏడుపు మాత్రం రాలేదు.

ఆయన హిందూపురం బజారులో నలభై ఏళ్లు విడి టీపొడి అమ్మారు. సంతాప సభలో చదవడానికి నాలుగు మంచి మాటలు రాయమ్మా అని బజారు పెద్దలు నన్ను అడిగారు. రాశాను. చదివి చూసుకుంటే పోయినవాని కళ్లు చారెడు అన్నట్టుంది. చించేశాను. ఇది రెండోసారి రాస్తున్నది. ఇందులో మంచి ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. రుచి చూసినవాడు ముఖం చూసి మాట్లాడకూడదని నేర్పింది ఆయనే.

మా ఇంటి ఆదివారాలు మీకు చెప్పాలి. పొద్దున ఎనిమిదింటికల్లా వరండాలో బల్ల మీద పన్నెండు తెల్ల పింగాణీ కప్పులు మూడు వరసల్లో పరిచేవారు. టీ నాలుగు రకాలు. అస్సాం గుండ్రాలనే గుళికల పొడి, నీలగిరి ఆకు, కేరళ డస్టు, ఆ వారం ఏజెంటు కొత్తగా పంపిన నమూనా ఒకటి. ప్రతి రకమూ మూడు కప్పుల్లో పడేది, ఎందుకంటే నీళ్లు మూడు రకాలు. హిందూపురంలో మా ఇంటి బోరు నీళ్లు, పెనుకొండలో మా ఆయన మేనత్త ఇంటి బావి నీళ్లు, ధర్మవరంలో మా పుట్టింటి నీళ్లు. ఆయన పొడి అమ్ముడుపోయేది ఈ మూడు ఊళ్లలో. ఏ ఊరి మనిషి ఏ నీళ్లతో కాచుకుంటుందో ఆ నీళ్లలోనే రుచి చూడాలనేది ఆయన పద్ధతి. పెనుకొండ నీళ్లలో ఎర్రగా దిగిన పొడే మా హిందూపురం ఉప్పు నీళ్లలో పైన తెట్టు కట్టి మడ్డిలాగా కూర్చునేది. మేం నీళ్లను తిడితే ఆయన ఒప్పుకునేవారు కాదు.

"నీళ్లను తిట్టొద్దు. నీళ్లకు తగిన ఆకు ఎతుక్కోవల్ల" అనేవారు.

క్యాన్లు కలిసిపోకుండా మూతలకు తాళ్లు కట్టేవారు. మా నీళ్లకు ఎర్ర తాడు, పెనుకొండకు పచ్చ తాడు. ధర్మవరం క్యానుకు మాత్రం పసుపు పట్టుదారం. అది మా నాయన మగ్గం మీద మిగిలిన దారం.

బంగారం తూచే చిన్న త్రాసులో పొడి తూచి, సలసల కాగే నీళ్లు పోసి, మూత పెట్టి, గడియారం చూసి ఐదు నిమిషాలు. ఆ తర్వాత చెంచాతో తీసుకుని వీధికి వినబడేటట్టు జుర్రేవారు. నోట్లో అటూ ఇటూ తిప్పి పక్కనున్న ఇత్తడి గిన్నెలో ఉమ్మేసేవారు. ఎంత మంచి టీ అయినా మింగేవారు కాదు. పన్నెండు మింగితే పన్నెండోదాని దగ్గర నాలుక అబద్ధం చెబుతుందట.

పెళ్లయిన మూడో రోజు నేను టీ పెట్టి ఇచ్చాను. ఇంటి నిండా చుట్టాలు. ఆయన ఒక చెంచా జుర్రి, ధర్మవరంలో పట్టు ఉడకేసిన నీళ్లు ఇట్లనే ఉంటాయని చెప్పి, లేచి పోయి మిగిలింది పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో పారబోశారు. అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు నా టీ ఎక్కువగా తాగింది ఆ చెట్టే. ఏపుగా పెరిగింది పాపం.

అయినా ఆదివారం నన్ను బల్ల దగ్గరే నిలబెట్టేవారు. కొడుకును కాదు, నన్ను. మా ఆయనకు అన్ని టీలూ ఒకటే, వేడిగా ఉంటే చాలు. నేను ఒక కప్పు రుచి చూసి బాగుందంటే కసిరేవారు.

"బాగుండాది అంటే సాలదు. యాడ బాగుండాదో చెప్పు. నాలుక కొసనా, పక్కలా, గొంతులోనా?"

తెలియక బిక్కమొహం వేసేదాన్ని. తెలిసేదాకా ఇంకో కప్పు, ఇంకో కప్పు. అందరి ముందూ. ఒక్కనాడూ సరిగ్గా చెప్పావమ్మా అనలేదు. నేను సరిగ్గా చెబితే ఊరకే తర్వాతి కప్పుకు పోయేవారు.

ఇదంతా నేను ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఒకటుంది.

పెళ్లయిన ఆరు నెలలకు మా నాయన పొద్దున రైలుకు ధర్మవరం నుంచి వచ్చాడు. మామ నీళ్లు అడిగారని పది లీటర్ల క్యాను మోసుకొచ్చాడు. మా నీళ్లు కావాలని అడిగి తెప్పించుకున్నారు అని ఆయనకు ఎంత గర్వమో. మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని మోకాళ్లు అరిగిన మనిషి, స్టేషన్ నుంచి నడిచే వచ్చాడు. వస్తూ వస్తూ వాళ్ల వీధి అంగట్లో ఒక టీపొడి పొట్లం కూడా కొన్నాడు, వియ్యంకునికి ఇద్దామని. టీ అంగడి మనిషికి టీపొడి తెచ్చాడు మా నాయన! అదీ ఆయన అమాయకత్వం.

మామ ఆ పొట్లాన్ని, ఆ నీళ్లనే కాచారు. మా నాయన ఎదురుగా కుర్చీ కొసన కూర్చుని చూస్తున్నాడు. మామ జుర్రారు, తిప్పారు, గిన్నెలో ఉమ్మేశారు.

మా నాయన లేచి నిలబడ్డాడు. "ఏం బావా, మా ఇంటి నీళ్లు మింగేదానికి గూడా పనికిరావా?" అన్నాడు. గొంతు పెంచలేదు.

"నేను అన్నీ ఇట్లనే ఉమ్ముతాను బావా, ఇది మా పని" అని మామ ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. తలెత్తి ఒకసారి మా నాయనను చూసి, రెండో కప్పు తీసుకున్నారు. మా నాయన చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. నేను వీధి చివరిదాకా వెంటపడి ఆయన పద్ధతే అది అని చెప్పాను. మా నాయన నా తల నిమిరి, "నువ్వు చెప్తే తెలిసెలేమ్మా. ఆయప్ప చెప్పల్ల గదా" అన్నాడు.

అంతే. మళ్లీ మా ఇంటి గడప తొక్కలేదు. తొమ్మిదేళ్లు. నాకు ఇద్దరు పిల్లలు పుట్టినా రాలేదు. మేము పెనుకొండ స్టేషన్లో కలుసుకునేవాళ్లం. నెలకొకసారి ఆయన అటు నుంచి, నేను ఇటు నుంచి. ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చుని పిల్లలకు మైసూర్‌పాక్ తినిపించి, నా చేతికి నీళ్ల క్యాను ఇచ్చి, తిరుగు రైలు ఎక్కేవాడు. నీళ్లు మాత్రం ఆపలేదు. ఇస్తామన్నాం గదా, ఇయ్యల్ల అనేవాడు. ప్రతిసారీ రైలు కదిలేటప్పుడు ఒకటే అడిగేవాడు, మీ మామ ఏమన్నా అనెనా అని. నేను లేదు నాయనా అనేదాన్ని.

ఇంటికొచ్చి మామతో ఎన్నిసార్లు చెప్పానో. ఒక ఫోన్ చెయ్యండి, ఒక్క మాట చాలు అన్నాను. పిలకాయల ఆటలు నాతో కాదు అన్నారు. మూడేళ్ల కిందట మా నాయన పోయాడు, ఆ మాట వినకుండానే. ఆ చావుకు మామ వచ్చారు. మా వాకిట్లో ఒక గంట కూర్చున్నారు. ఎవరో నీళ్లిస్తే వద్దన్నారు. అది నేను మనసులో పెట్టుకున్నాను.

ఆ మరుసటి ఏడు ఆయనకు పెద్ద జ్వరం వచ్చింది. తగ్గింది. తగ్గిన కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం నేను సాంబారులో ఉప్పు మరిచిపోయాను. మేమంతా మొహాలు చిట్లించాం. మామ కలుపుకుని, తిని, చేయి కడుక్కున్నారు. నా వంటలో తప్పు ఆయన పట్టకపోవడం అదే మొదలు. నేను కనిపెట్టడం మొదలుపెట్టాను. ఆదివారం తీర్పులు ఎప్పటిలాగే గట్టిగా చెబుతున్నారు గానీ, చెప్పే ముందు కళ్లు క్యాన్ల తాళ్ల మీదికి పోతున్నాయి. పొడి రంగు చూసి, తాడు రంగు చూసి, పాత అలవాటు మీద లాక్కొస్తున్నారు. నాలుక పోయింది. ఎవరికీ చెప్పలేదు.

నేను ఏం చేశానో దాచకుండా రాస్తున్నాను. ఒక ఆదివారం ఇద్దరు పాత గిరాకీలూ, పెనుకొండ మేనత్తా ఇంట్లో ఉండగా చూసి, అన్ని కప్పుల్లోనూ ఒకటే పొడి, ఒకటే నీళ్లు పోశాను. ఎదురుగా నాలుగు పొట్లాలూ, మూడు క్యాన్లూ తాళ్లతో సహా ఎప్పటిలాగే పెట్టాను. ఆయన జుర్రారు, ఉమ్మారు, చెప్పుకుంటూ పోయారు. ఇది పెనుకొండలో బాగా దిగింది, ఇది ధర్మవరంలో వగరు, ఇది మన నీళ్లలో చచ్చింది. పన్నెండో కప్పుదాకా ఆగాను. అప్పుడు అన్నాను.

"పన్నెండూ ఒకటే మామా. మీకు రుచి పోయి చానా దినాలాయ గదా."

ఎవరూ నవ్వలేదు. ఆయన చెంచా కింద పెట్టారు. పన్నెండు కప్పులూ తానే కడిగి, తుడిచి, అల్మారాలో బోర్లించారు. నా వైపు చూడలేదు. నాకు కడుపు చల్లబడిందా అంటే, బడింది. అబద్ధమెందుకు.

నెల తర్వాత వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డారు, రెండు కప్పులతో. "నువ్వు తాగి చెప్పు. నేను వింటా. మెత్తగా చెప్పొద్దు, నా మాదిరి చెప్పు" అన్నారు.

అప్పటి నుంచి ఏడాదిన్నర నేనే ఆయన నాలుక. కళ్లు మూసుకుని కూర్చునేవారు. నేను జుర్రి, ఉమ్మి, చెప్పేదాన్ని. తడి బొగ్గు వాసనుంది, పాత గోనె సంచి వాసనుంది, గొంతులో తీపి నిలుస్తోంది. ఆయన తల ఊపేవారు. ఆ ఏడాదిన్నరలోనే నాకు ఈ విద్య పట్టుబడింది. ఈరోజు అంగడికి పొడి కొనేది నేను, ఏజెంటు ఫోన్ చేసేది నాకు. అది ఆయన పెట్టిన భిక్షే, కాదనను. కోపం కోపమే, నేర్చుకున్నది నేర్చుకున్నదే.

ఒకసారి అడిగేశాను, మా నాయనతో ఆ ఒక్క మాట ఎందుకు అనలేదని. చాలాసేపు గడియారం చూశారు. "ఐదు నిమిషాలు దాటితే ఆకు చేదు దిగుతాది. ఆ పొద్దే అనల్ల. అనకపోతి. ఇంగ ఎప్పుడు అన్నా చేదే అని ఊరకుంటి" అన్నారు. అంతకు మించి రాలేదు. నేనూ వదిలేశాను. వదిలేశాననుకున్నాను.

పోయిన వారం మూత్రపిండాలు పని చేయడం లేదని పుట్టపర్తిలో చేర్చాం. ఇక రోజులే అన్నారు డాక్టర్లు, ఏమడిగినా ఇవ్వమన్నారు. సోమవారం ఆయన నన్ను దగ్గరికి పిలిచి, ధర్మవరం నీళ్లతో ఒక కప్పు టీ చేసి తెమ్మన్నారు. ధర్మవరంలో మా తమ్మునికి ఫోన్ చేశాను, నాయన పోయాక నీళ్లు పంపేది వాడే. రేపు సాయంత్రానికి తెస్తాలే అక్కా అన్నాడు.

మంగళవారం పొద్దున మళ్లీ అడిగారు. సాయంత్రందాకా ఆగమని చెప్పొచ్చు. ఆసుపత్రి ఎదురుగా తీసుకున్న లాడ్జి గదిలో కరెంటు కెటిలుంది, గది బయట ఫిల్టర్ నీళ్లున్నాయి. నాలుక చచ్చిన మనిషికి ఏ నీళ్లైతే ఏం అనుకున్నాను. అలసట అని చెప్పుకోవచ్చు. కానీ ఆ నీళ్లు పట్టేటప్పుడు నా లోపల ఒక మూల, మా నాయన నీళ్లు నీకెందుకు అనే మాట కూడా ఉంది.

కప్పు తీసుకుపోయాను. "ఏ నీళ్లు మ్మే?" అని అడిగారు.

"ధర్మవరం నీళ్లే మామా."

మా ఆయన పట్టి కూర్చోబెట్టాడు, అలవాటుగా నోటి దగ్గర గిన్నె పెట్టాడు. మామ దాన్ని చేత్తో పక్కకు తోసేశారు. జుర్రలేదు. చిన్న గుక్క తీసుకుని, కష్టపడి, మింగారు. ఇంకొక గుక్క. అట్లా కప్పు మొత్తం.

"మీ నాయన నీళ్లు. ఉమ్మను" అన్నారు. ఊపిరి తీసుకుని, "తప్పు నాదే అని ఆ పొద్దే చెప్పల్సింది. ఇప్పుడు మింగితి, సూస్తివి గదా" అన్నారు.

పన్నెండేళ్లు నేను ఎదురుచూసిన మాట. మా నాయన తొమ్మిదేళ్లు ప్లాట్‌ఫాం మీద అడిగిన మాట. అది ఏ ఊరివీ కాని నీళ్ల మీద వచ్చింది. అప్పుడైనా నేను నిజం చెప్పాల్సింది. నాలుక అబద్ధం చెప్పకూడదు, ఆయన నాకు నేర్పింది అదొక్కటే.

కప్పు అడుగున ఒక చెంచా మిగిలింది. నువ్వు తాగి చెప్పు అన్నారు. తాగాను. చప్పగా ఉంది.

"బాగుండాది మామా."

ఆయన కళ్లు మూసుకునే, ఎప్పటిలాగే అడిగారు. "యాడ?"

"గొంతులో" అన్నాను. ఆయన తల ఊపారు.

సాయంత్రం తమ్మునికి నేనే ఫోన్ చేసి, రావద్దు, పని అయిపోయింది అని చెప్పి బస్సెక్కాను. అయినా గురువారం మామను తీసుకుపోయేటప్పుడు వాడు ధర్మవరం నుంచి వస్తూ వస్తూ క్యాను తెచ్చాడు. చెప్పిన మాట తప్పకూడదని మా నాయన నేర్పిన బుద్ధి. ఎక్కడ పెట్టాలో తెలియక వంటింట్లో గట్టు కింద పెట్టిపోయాడు.

ఈరోజు ఆదివారం. ఎనిమిదయింది. అల్మారాలో పన్నెండు కప్పులూ బోర్లించి ఉన్నాయి. క్యాను గట్టు కిందే ఉంది, మూత మీద పసుపు పట్టుదారం బిగించి, వేసిన ముడి వేసినట్టే ఉంది.