కాలితో నొక్కిన స్ప్రింగు

మొన్న భవానీపురంలో మా అమ్మాయి ఇంట్లో ఉండగా, డాక్టరు గారు కొత్తగా రాసిన మందు సీసా మూత ఎంతకీ రాలేదు. పసిపిల్లలు తీయకుండా ఉండేందుకట, ఒక చేత్తో సీసా పట్టుకుని రెండో చేత్తో మూతను అదిమి తిప్పితేగాని ఊడదు, నా ఎడమచేతిలో పట్టు పోయి ఏళ్లూ పూళ్లూ అయింది గనుక చివరికి అమ్మాయే వచ్చి తీసిపెట్టింది. మందు వేసుకుని నడుం వాల్చానేగాని, మనసు మాత్రం ఉయ్యూరులో ఒకప్పటి మా షెడ్డులోకి వెళ్లి కూర్చుంది.

మన వయసు వాళ్లకి చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో చెరుకు తోటలకి నీళ్లు పెట్టాలంటే ఆయిలింజనే దిక్కు. అరిగిపోయిన ఇంజన్లను పూర్తిగా విప్పి, పాడైన సామాను మార్చి, మళ్లీ కొత్తదానిలా బిగించి ఇవ్వడం నా పని. పెళ్లయిన కొత్తలోనే, తిరుగుతున్న ఇంజను బెల్టులో నా ఎడమచెయ్యి పడింది. రెండు వేళ్లు పోయాయి, మిగిలినవి ముడుచుకోవు. గాయం మానాక స్పానరు తిప్పడం, బోల్టు బిగించడం కుడిచేత్తో ఎలాగో అలవాటు చేసుకున్నానుగాని, ఒక్కచోట మాత్రం ఆగిపోయేవాణ్ణి. ఇంజను పైన మూతలా ఉండే హెడ్డులో ప్రతి వాల్వుకీ గట్టి స్ప్రింగు ఒకటి ఉంటుంది. దాన్ని ఒక చేత్తో అదిమిపట్టి, రెండో చేత్తో దాన్ని పట్టి ఉంచే చిన్న లాకు ముక్కలు లోపల్నుంచి తీయాలి, బిగించేటప్పుడు మళ్లీ అలాగే పెట్టాలి. అదిమిపట్టే చెయ్యి నాకు లేకుండా పోయింది.

ఆ చెయ్యి కొన్నాళ్లు మా ఆవిడ అయింది. ఆమె మా ఊళ్లోనే మిషన్ బడిలో టీచరు. పొద్దున్నే వంట ముగించి, షెడ్డుకి వచ్చి, కొంగు బొడ్లో దోపుకుని, తన బరువంతా మీట మీద వేసి స్ప్రింగు అదిమేది, నేను లాకులు తీసేవాణ్ణి. నూనె మరకల చీరతో, ఆలస్యంగా బడికి పోతే పెద్ద టీచరమ్మ చేత మాటలు పడేది, ఇంటికొచ్చి ఆ సంగతి ఒక్కనాడూ ఎత్తేది కాదు. ఇదంతా చూసి మా బావగారు, అంటే మా అక్క భర్త, ఇబ్రహీంపట్నంలో ఒక గోడౌనుకి కాపలా ఉద్యోగం మాట్లాడిపెట్టారు. నామీద ప్రేమతోనే చేశారు. ఆదివారం చర్చి అయ్యాక వస్తానో రానో చెప్పమన్నారు, షెడ్డు కొనేవాళ్లని కూడా ఆయనే చూసి ఉంచారు.

ఆ వారంలోనే ఏదో సామాను కోసం బెజవాడ ఆటోనగర్ వెళ్లినప్పుడు, నేను ఎప్పుడూ పని చేయించుకునే లేత్ మేస్త్రి గారి దగ్గర కూర్చుని, ఎందుకో ఈ గోడు వెళ్లబోసుకున్నాను. ఆయన జాలి పడలేదు. నా కాళ్ల వంక చూసి, “హెడ్డు పని కూర్చుని చేస్తారాండీ, నుంచుని చేస్తారా?” అని అడిగారు. కూర్చునేనన్నాను. నన్నొక స్టూలు మీద కూర్చోబెట్టి, ఒక ఇనప ఊచ తెచ్చి మోకాలు దగ్గర పట్టి చూసి, సుద్దతో గీత పెట్టుకున్నారు.

బల్ల కింద కాలితో తొక్కే పెడలు, దాన్నుంచి పైకి ఒక కడ్డీ, ఆ కడ్డీ లాగితే బల్ల మీద స్ప్రింగును అదిమే మీట, ఇదీ ఆయన ఊహ. మొదట చేసింది పనికిరాలేదు. తొక్కగానే స్ప్రింగు పక్కకి జారి ఎగిరి గోడకి కొట్టుకుంది. ఆయన మాత్రం టీ తెప్పించి, తాగుతూ దానివంకే చూస్తూ కూర్చుని, మీట చివర గిన్నెలాంటిది తయారుచేసి అతికించి, లాకులు తీయడానికి వేళ్లు పట్టేంత కిటికీ దానికి కోశారు.

శనివారం మా షెడ్డులో బిగించుకుని, బల్ల మీద హెడ్డు పెట్టి తొక్కాను. స్ప్రింగు నిటారుగా కిందికి దిగింది. కుడిచెయ్యి ఊరికే ఖాళీగా ఉంది. కిటికీలోంచి లాకు ముక్కలు రెండూ తీసి అరచేతిలో పెట్టుకుని, కాలు వదిలేశాను. బెల్టులో చెయ్యి పడిన నాటినుంచీ గుండెల మీద ఉన్న బండ ఏదో ఎవరో పక్కకి దొర్లించినట్టు, ఊపిరి పొట్టదాకా వెళ్లింది. మా ఆవిడ వాకిట్లోంచి చూస్తూ, “అయితే సోమవారం నుంచి నేను బళ్లోకి టైముకి పోవచ్చన్నమాట,” అంది. అని కళ్లు తుడుచుకుంది. మర్నాడు బావగారికి రానని చెబితే, నొచ్చుకుంటారనుకున్నాను గాని, ఆయనే నాకంటే తేలికపడి, “పోనీలేవయ్యా, నీ షెడ్డు నా చేత అమ్మించకుండా బతికించావు,” అన్నారు.

ఆ పెడలుతోనే చివరిదాకా ఇంజన్లు కట్టాను, అమ్మాయిని చదివించాను. ఇప్పుడు తోటల్లో అన్నీ కరెంటు మోటార్లే, మీట నొక్కితే చాలు, నూనె కంపు లేదు, పొగ లేదు, ఎవరి చెయ్యీ బెల్టులో పడే భయం లేదు. మంచిదే జరిగింది. అయినా ఎప్పుడైనా ఉయ్యూరు వెళ్లి కాలవగట్టున నుంచుంటే, నీళ్లు మాత్రం పారుతూ, ఇంజను చప్పుడు లేని ఆ చెరుకు తోటల మధ్య, పక్కన కూర్చుని మాట్లాడుతున్న మనిషెవరో చెప్పకుండా లేచి వెళ్లిపోయినట్టు అనిపిస్తుంది.